సస్పెండైతే ఉద్యోగం ఊడినట్టు కాదు

‘ఎస్సై సస్పెండ్’ అని పేపర్లో పడగానే ఇక అతని పని అయిపోయిందనుకుంటారు ఊళ్ళో. అది పొరపాటు. సస్పెన్షన్ శిక్ష కాదు. విచారణ తేలేదాకా పక్కన కూర్చోబెట్టడం. డ్యూటీ ఉండదు గానీ బత్తెం కింద జీతంలో కొంత ముడుతూనే ఉంటుంది. ఉద్యోగం పూర్తిగా తీసెయ్యడం బర్తరఫ్. ఈ రెంటికీ మధ్య ఎంత దూరమో ముంబయి పోలీసు అధికారి సచిన్ వాజే ఉదంతం చెబుతుంది.

2002 డిసెంబరులో ముంబయి ఘాట్కోపర్‌లో బస్సులో బాంబు పేలింది. ఆ కేసులో పర్భణీ వాసి ఖ్వాజా యూనస్ అనే యువ ఇంజనీరును పట్టుకున్నారు. 2003 జనవరి తర్వాత అతని జాడ లేదు. దారిలో జీపు లోయలో పడింది, పారిపోయాడు అన్నారు పోలీసులు. లాకప్పులో కొట్టి చంపారన్నది ఆరోపణ. కన్నవాళ్ళు హైకోర్టుకెక్కారు. సి.ఐ.డి. దర్యాప్తు జరిగి, 2004లో వాజే సస్పెండయ్యాడు.

పదహారేళ్ళు గడిచినా హత్య కేసు తెమలలేదు. 2020 జూన్‌లో వాజేను మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. కరోనా రోజుల్లో సిబ్బంది చాలడం లేదన్నది చెప్పిన కారణం.

2021 ఫిబ్రవరి 25న ముఖేష్ అంబానీ ఇంటి దగ్గర జిలెటిన్ కడ్డీలున్న కారు దొరికింది. మార్చి 5న ఆ కారుతో సంబంధమున్న ఠాణే వ్యాపారి శవమై తేలాడు. 13న వాజేను ఎన్.ఐ.ఏ. అరెస్టు చేసింది. మే 11న బర్తరఫ్ ఉత్తర్వు వచ్చేసింది. పర్భణీ కుర్రాడి విషయంలో పదహారేళ్ళకూ రాని ఉత్తర్వు, కోటీశ్వరుడి గుమ్మం దగ్గర కారు దొరికితే రెండున్నర నెలల్లో వచ్చింది!

రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం, నియమించిన అధికారి కంటే కిందివారు ఎవరినీ బర్తరఫ్ చెయ్యరాదు. అభియోగాలు చెప్పాలి, జవాబు వినాలి, విచారణ జరపాలి. కోర్టులో శిక్ష పడితే ఆ విచారణ అక్కరలేదు. విచారణ సాధ్యం కాదనుకుంటే కారణం కాగితం మీద రాసి తీసెయ్యవచ్చు. వాజేను తీసేసింది ఈ రెండో దారినే. 1985లో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని సమర్థించింది. అయితే రాసిన కారణం నిజమా కాదా అని కోర్టులు చూడవచ్చు.

కోర్టులో కేసు నడుస్తున్నా శాఖాపర విచారణకు సాధారణంగా అడ్డు లేదు. కోర్టులో అనుమానానికి తావులేని రుజువు కావాలి. శాఖలో అంత అక్కరలేదు. కానీ సాక్షులు అక్కడా కావాలి. దెబ్బలు తిన్నవాడు, చూసినవాడు విచారణ అధికారి ముందుకొచ్చి చెప్పకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది, సస్పెండైన వాడు తిరిగి డ్యూటీ ఎక్కుతాడు.