రాసేవాళ్లం ఆరుగురం, చదివేవాళ్లు ముగ్గురు

ఈ సంవత్సరం మన హాస్టల్లో మళ్లీ గోడ పత్రిక పెట్టాలని పదో తరగతి తమ్ముళ్లు అనుకుంటున్నారు. ఆ సంగతి చెబుతూ, "అన్నా, పెట్టడం పెడతాం గానీ ఎవరు చదువుతారు?" అని మమ్మల్ని అడిగారు. వార్షికోత్సవ సంచికకు ఏం రాయాలా అని ఆలోచిస్తున్న మాకు వాళ్ల ప్రశ్నే విషయమైంది. ఎందుకంటే 2003లో మేము ఆరుగురం కలిసి ఈ హాస్టల్లోనే గోడ పత్రిక నడిపాం. నడిపాం అనడం కన్నా, మొదట్లో అతికించాం అనడం నిజం.

మొదటి షీటు జూలైలో పెట్టాం. కాస్మెటిక్ చార్జీల్లోంచి తలా రెండు రూపాయలు వేసుకుని డ్రాయింగ్ షీటు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు కొన్నాం. "విద్యార్థి - క్రమశిక్షణ", "వరకట్న దురాచారం", "కాలం విలువ" అని మూడు వ్యాసాలు, కింద మహనీయుల సూక్తులు. రెండు రాత్రులు స్టడీ అవర్ అయ్యాక మేలుకుని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాం. వార్డెన్ సారు గది పక్కన నోటీసు బోర్డు మీద అంటించాం. పదకొండు రోజులున్నది. చదివినవాళ్లు ముగ్గురు. అందులో ఇద్దరు రాసినవాళ్లే. మూడో మనిషి వాచ్‌మన్ తాత. ఆయన కూడా కళ్లజోడు పెట్టుకుని చూసి, "అక్షరాలు బాగున్నయి బిడ్డా" అని వెళ్లిపోయాడు.

మన పిల్లలకు చదివే అలవాటు లేదని తిట్టుకున్నాం. కొత్తగా పత్రిక పెట్టినవాళ్లందరూ మొదట ఈ మాటే అంటారేమో!

మా తప్పు మాకు అన్నం లైనులో తెలిసింది. రాత్రి పూట ప్లేటూ గ్లాసూ పట్టుకుని వంద మందిమి గోడ పక్కన పావుగంట నిలబడతాం. అక్కడ చూడటానికి ఏమీ లేదు, సున్నం పెచ్చులు తప్ప. నోటీసు బోర్డు దగ్గర మాత్రం ఎవరూ నిలబడరు. సారు గది ముందు పని లేకుండా నిలబడితే ఏదో ఒక పని తగులుతుందని అందరికీ తెలుసు. రెండో షీటును లైను నడిచే గోడకు మార్చాం. అది కూడా మా ఎత్తున కాదు, ఐదో తరగతి పిల్లల కళ్ల ఎత్తున. పెద్దవాళ్లు వంగి చదువుకోగలరు, చిన్నవాళ్లు ఎగిరి చదవలేరు కదా.

చదివేవాళ్లు రావాలని ఎదురు చూడకుండా వాళ్లున్న చోటికి పోవడం మేము కనిపెట్టిన ఉపాయమేం కాదు. పాతూరి నాగభూషణం గారు 1935లోనే గుంటూరు జిల్లాలో పడవలో పుస్తకాలు పెట్టి కాలువ ఒడ్డు ఊళ్లకు నడిపించారు. ఊళ్లో గ్రంథాలయం లేనివాళ్లకు రేవులోకే గ్రంథాలయం వచ్చింది. చోటు సంగతి అది. వేళ సంగతికి "ఈనాడు"ను చూడండి. 1974 ఆగస్టు 10న అది విశాఖపట్నంలో మొదలైంది. అప్పటిదాకా బయటి ఊళ్లలో అచ్చయిన పత్రికలు అక్కడికి పొద్దెక్కాక చేరేవి. ఇది తెల్లవారకముందే గుమ్మంలో పడింది. వార్తలు అవే కావచ్చు, కాఫీతో పాటు అందడం వేరు. మాకు అన్నం లైను ఎట్లాగో వాళ్లకు తెల్లవారుజాము అట్లా.

చోటు మార్చాక జనం చూశారు. చూడటం వేరు, చదవడం వేరు. ఎంతమంది నిజంగా చదువుతున్నారో తెలుసుకోవడానికి షీటు అడుగున ఒక పొడుపు కథ రాసి, జవాబు చీటీ మీద రాసి డబ్బాలో వేయమన్నాం. ఖాళీ టీ పొడి డబ్బాకు మూత మీద చీలిక పెడితే సరిపోయింది. మొదటి వారం నాలుగు చీటీలు పడ్డాయి. ఒక దాంట్లో జవాబు లేదు. "నా గ్లాసు పోయింది, అడుగున ఆర్ అని గీసి ఉంటది, మీ పేపర్ల రాయండి" అని ఉంది.

ఆ చీటీ మాకు ఏ పుస్తకమూ చెప్పని పాఠం చెప్పింది. తరువాతి వారం "పోయినవి - దొరికినవి" అని ఒక పెట్టె గీశాం. గ్లాసు దొరికింది. వాలీబాల్ స్కోరు, పదో తరగతి పరీక్ష ఫీజు ఆఖరు తేదీ, స్కాలర్‌షిప్ ఫారానికి ఏ సర్టిఫికెట్ కావాలి, దసరా సెలవులకు ఏ ఊరి బస్సు ఎన్నింటికి, ఇవన్నీ ఎక్కాయి. బస్సుల వేళలు రాసిన వారం పిల్లలు నోటు బుక్కులు తెచ్చుకుని రాసుకున్నారు. "కాలం విలువ" వ్యాసం దగ్గర ఒక్కడూ పెన్ను తీయలేదు. వ్యాసాలు వద్దని మేము అనడం లేదు. తన పేరు, తన ఊరి పేరు, తనకు అక్కరకొచ్చే సంగతి ఎక్కడుంటే మనిషి కన్ను ముందు అక్కడికే పోతుంది. దాని పక్కన ఉన్న వ్యాసం మీద ఆ తరువాత పడుతుంది. 1989లో "ఈనాడు" జిల్లాకొక ప్రత్యేక అనుబంధం తెచ్చినప్పుడు చేసిన పని కూడా ఇదే అనిపిస్తుంది మాకు. మండలం వార్త, ఊరి వార్త, తెలిసిన మనిషి ఫొటో.

భాష సంగతి ఇంకా ముఖ్యం. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్ జిల్లాలో 2002లో "ఖబర్ లహరియా" అనే పత్రిక పుట్టింది. రాసిందీ, ఊరూరా తిరిగి అమ్మిందీ పల్లెటూరి ఆడవాళ్లే, అందులో దళిత మహిళలు చాలామంది. వాళ్లు హిందీ పుస్తకాల భాషలో కాకుండా అక్కడివాళ్లు మాట్లాడే బుందేలీలో రాశారు. మన దగ్గర చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల మహిళలు తామే విలేఖరులై 2001లో "నవోదయం" తెచ్చారు. అక్షరాలు కొత్తగా నేర్చినవాళ్లకు వాళ్లు మాట్లాడుకునే మాటే కాగితం మీద కనపడితే భయం పోతుంది.

మేము ఈ సంగతి డిసెంబరులో నేర్చుకున్నాం. "మన ఊళ్లు" అని ఒక శీర్షిక పెట్టి వారానికొకరిని వాళ్ల ఊరి గురించి చెప్పమన్నాం. ఏడో తరగతి పిల్లవాడు ఒకడు రాయడం రాదన్నాడు. చెప్పరా, మేం రాస్తాం అన్నాం. వాడి అమ్మానాన్నలు దీపావళి దాటాక ఇటుక బట్టీలకు పోయి ఎండాకాలం చివర తిరిగొస్తారు. మాలో ఒకడు వాడి మాటలను పుస్తక భాషలోకి దిద్ది, "వలస కార్మికుల దయనీయ పరిస్థితి" అని పేరు పెట్టాడు. ఇంకొకడు దాన్ని కొట్టేసి వాడు చెప్పింది చెప్పినట్టే రాశాడు: "సంక్రాంతికి అందరు ఇంటికి పోతరు. మా ఇంటికి తాళం ఉంటది. నేను ఏడికి పోవాలె?"

ఆ వారం లైను ముందుకు కదలలేదు. వడ్డించేవాళ్లు "రారేంరా" అని కేకలు వేశారు. డబ్బాలో చీటీలు నిండాయి. వాటిలో మూడు, మా ఇంటికీ తాళమే అని చెప్పేవి. ఆ సంక్రాంతికి తొమ్మిదో తరగతి పిల్లవాడు వాణ్ణి తమ ఊరు తీసుకుపోయాడు. పత్రికకు చదువరులు పెరగడమంటే ఏమిటో మాకు ఆ రోజు తెలిసింది. అంతకు ముందు మేము తలలు లెక్కపెడుతున్నాం.

తలలు లెక్కపెట్టే ధ్యాసలో చేసిన తప్పు కూడా చెప్పాలి. నవంబరులో సాంబారు పల్చగా వచ్చిందని ఒక ప్రకటన రాశాం. "కావలెను: సాంబారులో మునిగి పప్పు వెతకగల గజ ఈతగాళ్లు. వివరాలకు వంట పెద్దమ్మను సంప్రదించండి." విపరీతంగా నవ్వారు. అంత గుంపు ఎప్పుడూ రాలేదు. తరువాతి రెండు వారాలు కూడా అలాంటివే రాశాం. చిన్నపిల్లలు లైనులో పెద్దమ్మను చూసి ఈత కొట్టినట్టు చేతులాడించడం మొదలుపెట్టారు. ఆమె వడ్డనకు రావడం మానేసి లోపలే ఉండిపోయింది. కామాటి అన్న మమ్మల్ని పిలిచి, "ఆ నెల కందిపప్పే రాలేదు. ఉన్న రెండు కిలోలు వంద మందికి సర్దింది. మీరెవరన్నా ఆమెను అడిగిండ్రా?" అన్నాడు. అడగలేదు.

ఆ శనివారం ఆమె చెప్పిన సంగతి రాశాం, తప్పయిందని మా ఆరుగురి పేర్లూ వేశాం. ఆమెకు చదువు రాదు కనుక వంటింట్లోకి పోయి చదివి వినిపించాం. విని, "సరే, చేతులు కడుక్కొని తినుండ్రి" అన్నది. అంతే. ఎగతాళితో గుంపు తొందరగా వస్తుంది, ఆ మాట నిజం. కానీ ఎగతాళి లేని వారం ఆ గుంపు ఉండదు. పోయిన వారం కన్నా పెద్ద ఎగతాళి కావాలంటుంది.

ఫిర్యాదు రాయొద్దని దీని అర్థం కాదు. నీళ్ల ట్యాంకు సంగతి రాసినప్పుడు మేము ఎవర్నీ ఏమీ అనలేదు. ట్యాంకు మీద కడిగిన తేదీ రంగుతో రాసి ఉంటుంది కదా, ఆ తేదీనీ ఆ రోజు తేదీనీ పక్కపక్కన రాసి ఊరుకున్నాం. తెల్లారేసరికి షీటు లేదు. ఎవరు చింపారో ఇప్పటికీ తెలియదు. సోమవారం మాత్రం ట్యాంకు కడిగారు.

ఇక అన్నిటికన్నా కష్టమైనది, చెప్పిన రోజుకు పెట్టడం. మాది ప్రతి శనివారం సాయంత్రం. ఫిబ్రవరిలో పరీక్షలని రెండు శనివారాలు ఎగ్గొట్టాం. మూడో శనివారం పెట్టిన షీటు ముందు లైను మామూలుగా కదిలిపోయింది. ఆరు నెలల అలవాటు రెండు వారాల్లో పోయింది.

ఇక్కడ అంబేద్కర్ గారి పత్రికలను తలుచుకోకుండా ఉండలేం. 1920 జనవరి 31న బొంబాయిలో "మూక్‌నాయక్" మొదలైంది. పక్షానికొకసారి వచ్చే మరాఠీ పత్రిక. కొల్హాపూర్ షాహూ మహారాజ్ 2,500 రూపాయలు సాయం చేశారు. కొత్త పత్రిక వస్తోందని నలుగురికీ తెలియాలంటే పేరున్న పత్రికలో ప్రకటన ఇవ్వాలి. డబ్బు చెల్లిస్తామన్నా "కేసరి" ఆ ప్రకటన వేయలేదు. అంతటి తలుపు మూసుకున్నా పత్రిక వచ్చింది. అదే ఏడాది ఆయన చదువు పూర్తి చేయడానికి లండన్ వెళ్లారు. ఇక్కడ చూసుకునేవాళ్లు సరిగా కుదరక 1923 నాటికి ఆగిపోయింది. 1927లో మహాడ్ చెరువు సత్యాగ్రహం జరిగిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 3న "బహిష్కృత భారత్" మొదలుపెట్టారు. రాసేవాళ్లు లేక సంచికలో 24 కాలమ్‌లూ తానొక్కరే నింపిన రోజులున్నాయి. అదీ 1929లో ఆగింది. 1930లో "జనతా" పెట్టారు. అది నిలబడింది, 1956లో "ప్రబుద్ధ భారత్"గా పేరు మారేదాకా నడిచింది.

ఆయన కొన్న పత్రిక చదవగలిగినవాళ్లు తమవాళ్లలో ఎంతమంది ఉంటారో ఆయనకు తెలియనిది కాదు. చదవగలిగిన ఒక్కడు కూర్చుని చదివితే చుట్టూ వినేవాళ్లుంటారు. మన హాస్టల్లోనూ తెలుగు కూడబలుక్కుని చదివే చిన్నవాళ్లున్నారు. ఆదివారం పొద్దున ఒకరు గోడ దగ్గర నిలబడి షీటంతా పైకి చదవండి. మేము అది ఆలస్యంగా మొదలుపెట్టాం, అందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

ఒక్కరి మీద భారం పెట్టొద్దని మాత్రం గట్టిగా చెబుతాం. మా పత్రిక 2004 ఏప్రిల్లో మాతోనే ఆగిపోయింది. కారణం చదివేవాళ్లు లేక కాదు. ఆరుగురం పదో తరగతే కావడం వల్ల. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి ఒక్కణ్ణయినా చేర్చుకోవాలని మాకు తట్టలేదు. మీరు మొదటి వారమే ఏడో తరగతి పిల్లలిద్దరికి స్కెచ్ పెన్ను ఇవ్వండి. తప్పులు రాస్తారు, రాయనివ్వండి.

పూర్వ విద్యార్థులకు షీటు ఫొటో తీసి ఫోనులో పంపుతామన్నారు, సంతోషం. మేం చదువుతాం. కానీ అది గోడ మీద పెట్టాకే పంపండి, ముందు లైనులో ఉన్నవాళ్లది.

మా షీట్లలో ఇప్పుడు రెండే మిగిలాయి, ఒకరి ట్రంకు పెట్టెలో. ఒక దాని మూలలు బొద్దింకలు తినేశాయి, మైదా బంక మహిమ. బంక ఉడికించేటప్పుడు చిటికెడు మైలుతుత్తం కలపండి, పురుగు ముట్టదు. అది విషం కనుక అంటించే పని పెద్దవాళ్లే చేయాలి. వంటింటి గిన్నె వాడకుండా పాత డబ్బా చూసుకోండి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నం లైనులోకి రండి.