కోఠి రెసిడెన్సీ: మూసీ ఒడ్డున దొరల మేడ

ఉప్పల్‌లో బస్సెక్కి రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా కోఠిలో దిగేవాళ్లు పాత పుస్తకాల దుకాణాల సందడిలో పడిపోతారు. పక్కనే ఉన్న మహిళా విశ్వవిద్యాలయం గోడ లోపలికి తొంగిచూసేవాళ్లు తక్కువ. రెండు వందల ఏళ్ల నాటి బ్రిటిష్ రెసిడెన్సీ ఉన్నది అక్కడే. మూసీ దాకా ఒకప్పుడు దీని తోటలు పరుచుకుని ఉండేవి.

ఫ్రాన్సు రాజుల వెర్సాయ్ బరోక్ భవనంలాగే, గుమ్మం ఎక్కకముందే యజమాని బలం తెలియాలని కట్టిన మేడ ఇది. శైలి మాత్రం వేరు. బరోక్‌లో వంపులు, బంగారు నగిషీలు ఎక్కువ. ఇక్కడ 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో బాణీ కనిపిస్తుంది: ఎత్తైన స్తంభాలు, కుడిఎడమల సరిసమానమైన పొందిక.

దీన్ని కట్టించింది నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు, అంటే ప్రతినిధి, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. ఆయన స్థలం అడుగుతూ పెద్ద కాగితం మీద ప్లాను చూపితే, తన రాజ్యపు పటమంత ఉందని నిజాం అలీ ఖాన్ జంకాడట. అదే ప్లానును చిన్న అట్టముక్క మీద గీయించి చూపగానే సరేనన్నాడట. మద్రాసు ఇంజినీర్ల దళంలోని లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ రూపకల్పన చేయగా 1803 ప్రాంతంలో పని మొదలైంది. ఖర్చు నిజాం ఖజానాదే.

ముందు మెట్లకు ఇరువైపులా రాతి సింహాలు. పైన ఆరు భారీ కొరింథియన్ స్తంభాలు, వాటి తలల మీద ఆకుల నగిషీ. లోపల దర్బారు హాలు.

కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నిసా బేగం పరదాలో ఉండేది. ముందువైపుకు రాలేని ఆమె కోసం, వెనక జనానా తోటలో ఈ మేడకే బుల్లి నమూనా కట్టించాడని చెబుతారు. 1805లో ఆయన కలకత్తాలో కన్నుమూశాడు.

కంపెనీ దర్పాన్ని జనం ఊరికే సహించలేదు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో ఈ రెసిడెన్సీపైనే దాడి జరిగింది. ఖాన్ తర్వాత ప్రాణాలు కోల్పోయాడు, మౌల్వీని అండమాన్‌కు పంపారు.

1949లో ఇక్కడికి ఆడపిల్లల కాలేజీ వచ్చింది. ఆ తర్వాత భవనం శిథిలమవుతూ వచ్చి, 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వారి ప్రమాద జాబితాకెక్కింది. ఆ హెచ్చరికతో మొదలైన మరమ్మతుల వల్లే మేడ మళ్లీ నిలబడింది. ఒకనాడు కంపెనీ దొరలు నడిచిన ఆవరణలో నేడు చాకలి ఐలమ్మ పేరున్న విశ్వవిద్యాలయం విద్యార్థినులు చదువుకుంటున్నారు.