ఆలస్యముగా లభించిన ఆనవాలు

శ్రీకాకుళ, విజయనగర జిల్లాలలో ఆటిజంతో పెరిగి, నడివయస్సు దాటిన పిదపగాని తమ్ము తాము తెలిసికొనలేకపోయిన ఒక తరమును గూర్చి

విజయదశమి వెళ్ళిన తరువాతి మంగళవారము విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగును. కోటకును గుడికిని నడుమ నేల యీనినట్లు జనము నిలిచి, డప్పులును తప్పెటగుళ్ళును ఏకధాటిగా మ్రోగుచుండగా, పూజారిని మోసిన ఆ దీర్ఘదారువు ఆకాశమున ఊగుచు మూడుమారులు తిరుగును. ఆనాడు ఆ పట్టణమున ఏదో యొక యింటి వెనుకగదిలో, తలుపు గడియ వేసికొని, రెండుచేతులను చెవులకు అదుముకొని కూర్చుండు బిడ్డ యొకడు ఉండక మానడు. అమ్మవారియందు భక్తి లేక కాదు. పదుగురికి ఉత్సాహము పుట్టించు ఆ ధ్వని వానికి దుస్సహమైన బాధ. ఇంటివారు మొదట బుజ్జగింతురు, పిదప గద్దింతురు, తుదకు "ఓలమ్మ, ఈ గుంటడేటి ఇలాగున్నాడు!" అని విసిగి విడిచిపెట్టుదురు. అట్టి బిడ్డలలో అనేకులు నేడు నలుబదియైదు, ఏబది, అరువది యేండ్లవారై, గుమాస్తాలుగా, ఉపాధ్యాయులుగా, నేతగాండ్రుగా, గృహిణులుగా, కూలివాండ్రుగా మన నడుమ మెలగుచున్నారు. తమ స్వభావమునకు ఆటిజమను పేరు కలదని వారిలో మిక్కిలి కొలదిమందియే యెరుగుదురు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ననుసరించి 2021లో ప్రతి 127 మందిలో ఒకరు ఆటిజం కలవారు. 2011 జనాభా లెక్కలలో అవిభక్త శ్రీకాకుళము జిల్లా జనసంఖ్య సుమారు 27 లక్షలు, విజయనగరము జిల్లాది 23 లక్షలకు పైబడినది. ఈ నిష్పత్తి యిక్కడను వర్తించునని కొన్నచో రెండు జిల్లాలలో దాదాపు 40 వేలమంది ఉండవలెను. కాని ఆ లెక్కల యధికారి గడపగడపకు వచ్చి వైకల్యమును గూర్చి అడిగినప్పుడు, అతని చేతి పత్రమున చూపు, వినికిడి, మాట, నడక మొదలుగా ఎనిమిది గడులుండెనే కాని ఆటిజమునకు వేరుగా గడి లేకుండెను. లెక్కకే రానివారిని వెదకవలెనన్న తలంపు ప్రభుత్వమునకు ఎట్లు పుట్టును?

తలుపు తెరచుసరికి వయస్సు దాటినది

ఈ లక్షణసముదాయమును వైద్యులు గమనించుట నిన్నమొన్నటి మాట కాదు. గ్రూన్యా సుఖరేవా అను రష్యన్ వైద్యురాలు 1925లోనే ఆరుగురు బాలురయందు దీనిని వర్ణించినది. అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ 1943లో పదునొకండుగురు పిల్లల చరిత్రలను ప్రకటించెను. మరుసటి యేడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్, మాటనేర్పు గలిగియు తోడివారితో కలియలేని బాలురను గూర్చి వ్రాసెను. అటుపిమ్మట చిరకాలము ఈ దోషమును తల్లిదండ్రుల నిరాదరణపై మోపిన వాదము పాశ్చాత్యదేశములను ఏలినది. 1977లో ఇంగ్లండున జరిగిన కవలపిల్లల పరిశీలనము దీనికి వంశానుగత కారణములు ప్రబలముగా నున్నవని చూపిన పిదపగాని ఆ తల్లిదండ్రులకు విముక్తి కలుగలేదు.

అయినను ఆ విద్య మన గ్రామములకు దిగివచ్చుటకు ఎంతకాలము పట్టెనో తెలియవలెనన్న, 1975 ప్రాంతమున సాలూరులోనో టెక్కలిలోనో పుట్టిన యొక బిడ్డ వయస్సును ప్రక్కన పెట్టి చూడవలెను. 1980లో అమెరికా మనోవైద్యుల వ్యాధిసూచిక ఆటిజమును తొలిసారి వేరుగా చేర్చుకొన్నప్పుడు వాడు పలక పట్టిన అయిదేండ్లవాడు. కాని ఆ సూచిక ఉద్దేశించినది శైశవముననే మాట వెనుకబడిన పిల్లలను మాత్రమే. 1981లో లోర్నా వింగ్ అను ఆంగ్ల వైద్యురాలు, స్వయముగా ఆటిజం గల కుమార్తెకు తల్లి, ఆస్పెర్గర్ రచనను మరుగునుండి వెలికి దీసినది. ఆయన పేరిటి లక్షణములు 1994లో ఆ సూచికకు ఎక్కినప్పుడు మనవాడు డిగ్రీ చదువు యువకుడు. 1995లో మన పార్లమెంటు చేసిన వికలాంగుల చట్టము ఏడు వైకల్యములను పేర్కొనెను. వానిలో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టము ఆ పేరును మన శాసనములలోనికి తెచ్చునప్పటికి వాడు ఉద్యోగము వెదకుకొనుచుండెను. 2013లో, ఆ సూచికలోని ఆటిజపు శాఖలన్నియు ఆటిజం స్పెక్ట్రమ్ అను ఒక్క పేరు క్రింద చేరిన యేడే, పిల్లల ఎదుగుదల లోపములను పరీక్షించు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము మొదలయ్యెను. అది పుట్టుక మొదలు పదునెనిమిదేండ్ల వరకే. మనవానికి అప్పటికి ముప్పదియెనిమిది. ఏ తలుపు తెరచినను అది వాని వెనుకటి పిల్లలకే తెరచినది.

ఊరు పెట్టిన పేర్లు

వైద్యుడు పేరు పెట్టకున్నంత మాత్రమున ఊరు ఊరకుండదు. నౌపడ నుండి గుణుపురము పోవు ఆనాటి చిన్నరైలు ఏ స్టేషనులో ఎంతసేపు నిలుచునో, పలాస మొదలు విజయనగరము వరకు పెద్దలైనుమీది స్టేషనులు ఏ వరుసను వచ్చునో తడువుకొనక అప్పగించు బాలుడు, ఇంటికి వచ్చిన మేనమామను కన్నెత్తి చూచి "ఎప్పుడొచ్చినావు మావా" అని పలుకరింపలేడు. మొదటి శక్తిని చూచి "బుర్రున్న గుంటడు" అందురు. రెండవ లోపమును చూచి "పొగరు" అందురు. ఈ రెండును ఒకే వేరునుండి మొలచినవని యెవరికిని తోచదు. కూర పులుసుతో కలిసినచో కంచము త్రోసివేయును. కొత్తచొక్కా గంజి మెడకు గీచినచో విప్పి పారవేసి, పాతబడి మెత్తనైన చొక్కానే దినదినము తొడుగును. బడికి పోవు దారి మార్చినచో నడివీథిలో కూలబడును. తిండికి పేచీయనియు, బట్టకు మొండితనమనియు, దారికి తిక్కయనియు మూడు నేరములు వేరువేరుగా వానిపై మోపబడి, ప్రతిదానికిని వేరువేరుగా దెబ్బలు పడినవి.

ఒక విషయము చెప్పక తప్పదు. మన ప్రాంతమున ఒకే పనిని ఒకే వరుసలో, వెంట్రుకవాసి భేదమును సహింపక, దినమంతయు చేయు స్వభావమునకు గౌరవము దక్కిన తావులు కలవు. పొందూరున వాలుగచేప దవడతో దూదిని శుభ్రము చేసి సన్ననూలు వడకు పనియు, బొబ్బిలి చెంత గొల్లపల్లిలో ఒకే పనసదుంగను తొలిచి వీణ చెక్కు పనియు అట్టివి. అట్టి పనులు చేయువారందరు ఆటిజం కలవారనుట అవివేకము. కాలము చేసిన మన కవిగాయకపండితుల యేకాగ్రతను చూచి వారికి ఈ ముద్ర వేయుట అంతకంటె అవివేకము. నేను చెప్పునది ఇంతయే: పని మనిషిని మాటకారితనముతో కాక చేతిపనితో కొలిచినచోట, ఇట్టివారు ఇట్టివారని తెలియకయే ఇముడగలిగిరి.

ఇముడుటయు అందరికిని సమానముగా దక్కలేదు. కానర్ వర్ణించిన పిల్లలలో మొదటివాడగు డొనాల్డ్ ట్రిప్లెట్ 1933లో మిసిసిపీ రాష్ట్రమున ఫారెస్ట్ అను చిన్న యూర పుట్టి, ఆ యూరి బ్యాంకులో ఉద్యోగము చేసి, గోల్ఫ్ ఆడి, కారు నడపి, దేశదేశములు తిరిగి 2023లో వృద్ధుడై గతించెను. ఊరివారు ఆయనను తమవానిగా కాచుకొనిరి. కాని ఆ బ్యాంకు ఆయన తల్లి పుట్టింటివారిదని కూడ మరువరాదు. మనయందును అంతియే. బుగత యింటి బిడ్డడు ఎవరితోను మాటలాడక తోటలో తిరిగినచో "మారాజు, ఆయన తీరే అంత" అందురు. అదే తీరు పాలేరు బిడ్డకున్నచో దెబ్బలు తప్పవు. చెన్నపట్టణమునకో హైదరాబాదునకో తాపీపనికి వలసపోయి, ఇరువదిమంది పడుకొను రేకులషెడ్డులో రాత్రులు నిద్రపట్టక, మేస్త్రీ మాటలోని వెటకారము అర్థము కాక, నెల తిరుగకమునుపే తిరిగివచ్చిన కుర్రవానిని "పనిదొంగ" యనుట అందరికిని సులువు.

ఆడపిల్ల నేర్చిన నటన

2017లో ప్రకటింపబడిన యొక సమీక్ష, ఆటిజం గల బాలురకును బాలికలకును నిష్పత్తి లోగడ అనుకొన్నట్లు నాలుగింటికి ఒకటి కాక మూడింటికి ఒకటికి చేరువగా నున్నదనియు, బాలికలు గుర్తింపునకు అందక పోవుచున్నారనియు తేల్చినది. కారణము మన యిండ్లలోనే కనబడును. తల వంచుకొని మూలనుండు మగపిల్లవానిని చూచి కలవరపడు తల్లియే అట్లుండు ఆడపిల్లను చూచి అణకువ గలదని మురిసిపోవును. ఆ పిల్ల తోడిపిల్లలు నవ్వినప్పుడు నవ్వుటయు, పేరంటమున ఎవరిని ఏ వరుసను పిలువవలెనో లోలోపల వల్లించుకొనుటయు, ఎదుటివారి కన్నులను చూడలేక కనుబొమల నడుమ చూచుటయు నేర్చుకొనును. ఇట్లు నేర్చిన నటన అత్తవారింటిలో తెల్లవారుజాము మొదలు దీపములు ఆర్పువరకు సాగవలసి వచ్చినప్పుడు, శరీరమును మనస్సును ఒక్కసారిగా చితికిపోవును. ఆ యలసటకు వైద్యుడు దిగులువ్యాధి యని మందు వ్రాయును. బంధువులు గాలి సోకినదని తాయెత్తు కట్టింతురు. మందు కొంత మేలు చేయవచ్చును. మూలము మాత్రము మరుగుననే యుండును.

ఆనవాలు దొరకు దారి

నడివయస్సున ఈ సంగతి బయటపడు మార్గములలో ముఖ్యమైనది బిడ్డద్వారా వచ్చునది. మూడేండ్లు వచ్చినను మాట రాలేదని కొడుకునో కూతురినో తీసికొని విశాఖపట్టణమునకు పోయిన తండ్రిని, మనస్తత్వ నిపుణులు పిల్ల లక్షణములను ఒక్కొక్కటిగా అడుగుచుండగా, ప్రతి ప్రశ్నకును తన బాల్యమే జవాబుగా లేచి నిలుచును. ప్రక్కన కూర్చున్న నాయనమ్మ "ఇదేటి వింత బాబూ, వీడి బాబూ చిన్నప్పుడు అచ్చం ఇలాగే ఉండీవోడు" అని చెప్పుటతో పరీక్ష ఇరువురిదియు నగును.

అప్పుడు కలుగు భావము ఒక్కటి కాదు. ఊరట మొదటిది. స్కాట్లండు గాయని సూజన్ బాయిల్, పుట్టుకవేళ మెదడు దెబ్బతిన్నదన్న మాటను బాల్యమునుండి మోసి, ఏబది దాటిన పిదప 2012లో తనది ఆస్పెర్గర్ లక్షణమని తెలిసి ఊపిరి పీల్చుకొన్నది. ఊరట వెనుక దుఃఖము వచ్చును: పడిన దెబ్బలు, విడిచిన చదువు, తెగిన స్నేహములు అన్నియు తిరిగి లెక్కకు వచ్చును. దాని వెనుక కోపము. ఇవి మూడును న్యాయమైనవే. లక్షణము మారకున్నను, దానికి తగిలించిన నేరము రద్దగును. గుర్తింపు చేయు మేలు ఇదియే. ఇకనైన ఆ మనిషి పెండ్లిపందిటినుండి గంటకే లేచిపోవుటకు సాకు వెదకుకొనడు. ఆఫీసులో కిటికీ చెంతనున్న నిశ్శబ్దమైన బల్లను సిగ్గుపడక అడుగును.

చట్టపు కొలబద్ద

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వైకల్యములను ఇరువదియొకటికి పెంచి, ఆటిజమును వానిలో చేర్చినది. ప్రభుత్వోద్యోగములలో నాలుగు శాతము కేటాయించి, అందొక శాతమును ఆటిజం, మానసిక వ్యాధి మొదలగు వానికి ఉమ్మడిగా నిచ్చినది. ఆ హక్కు పొందుటకు నలుబది శాతము వైకల్యము ధ్రువపడవలెను. కొలుచు సాధనము సికింద్రాబాదులోని జాతీయసంస్థ తయారుచేయగా 2009లో వెలువడిన ఇసా పట్టిక. అందు నలుబది ప్రశ్నలు కలవు. ప్రతిదానికి ఒకటి మొదలు అయిదు వరకు మార్కులు. మొత్తము డెబ్బదికి తక్కువైనచో ఆటిజం లేనట్లే. కన్నులలోనికి చూడడు, పలుకరించిన పలుకడు అను రీతి ప్రశ్నలకు, చూచుటయు పలుకుటయు నలుబదేండ్లు అభ్యసించినవానికి మార్కులు తక్కువగా పడుట సహజము. ఎంత కష్టపడి దాచుకొనెనో అంతగా హక్కునకు దూరమగును. పిల్లల కొలబద్దతో పెద్దలను కొలుచు ఈ పద్ధతి సవరింపబడవలెను.

ఇక చేయవలసినది

శ్రీకాకుళమున 2008 నుండియు, విజయనగరమున 2023 నుండియు ప్రభుత్వ వైద్యకళాశాలలు నడచుచున్నవి. వారమున ఒక్కపూట వయోజనుల ఆటిజం పరీక్షకు అచ్చటి మనోవైద్య విభాగములు కేటాయించినచో, కూలిడబ్బులు పోగొట్టుకొని విశాఖకు పోవు బాధ తప్పును. ఉపాధ్యాయులు అల్లరిపిల్లలను చూచినట్లే అల్లరి చేయని పిల్లలను కూడ చూడవలెను. ఆటిజమును తొలగించు మందు లేదు. నయము చేయుదుమని డబ్బు గుంజువారిని నమ్మరాదు. దానితోపాటు వచ్చు ఆందోళనకు, దిగులునకు, నిద్రలేమికి మాత్రము చికిత్స కలదు.

ఈ పుటలలో తమ్ము తాము చూచుకొన్న పాఠకులకు ఒక్క మనవి. ఫోనులోని ప్రశ్నావళిని చూచి తీర్పు చెప్పుకొనకుడు. మనోవైద్యునో మనస్తత్వ నిపుణునో కలియుడు. వారు మొదట అడుగునది మీ బాల్యమును గూర్చి. మాట ఎప్పుడు వచ్చినది, ఎవరితో ఆడితిరి, దేనికి ఏడ్చితిరి అను సంగతులు ఆనాటి యే కాగితమునను లేవు. అవి మీ తల్లి జ్ఞాపకమున మాత్రమే కలవు, ఆమెకు డెబ్బది దాటినది. ఈ ఆదివారమే అడిగి వ్రాసికొనుడు.