సలహాయు, ఆదేశమును

ఆకాశమున ఎగురుచున్న విమానమును మధ్యలో నిలిపి మరమ్మతు చేయుటకు వీలు లేదు. కావున దాని లోపములను నేలపై నున్నప్పుడే కనుగొని సరిచేయవలెను. ఒక విమానమునందు కనబడిన లోపము అదే నమూనాలో నిర్మింపబడిన తక్కిన విమానములందును ఉండవచ్చును. అట్టి ప్రమాదకరమైన లోపము బయటపడినప్పుడు విమానయానాధికారులు ఒక ఆదేశమును వెలువరింతురు. దీనినే ‘ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్’ అందురు. ఏ విమానములను పరీక్షింపవలెనో, ఏ భాగమును మార్పవలెనో, ఎంత గడువులోపల ఆ పని ముగింపవలెనో అందు స్పష్టముగా నుండును. పని జరిగినట్లు అర్హత గలవారు పత్రములలో సంతకము చేయవలెను. ఆదేశమును నెరవేర్పని విమానము గడువు దాటిన పిమ్మట ఎగురరాదు.

ఇంతటి కట్టుబాటు ఏల? ఈ వృత్తాంతమే అందులకు సమాధానము.

ఎత్తున గాలి పలుచగా నుండును. కావున విమానము లోపల గాలిని తగిన ఒత్తిడితో నింపియుంచుదురు. 1972 జూన్ 12వ తేదీన అమెరికాలోని డెట్రాయిట్ నుండి బయలుదేరిన ఒక డి.సి.-10 విమానము కెనడాలోని విండ్సర్ నగరము మీదుగా పోవుచుండగా, సామానుల గది తలుపు ఊడిపోయెను. దాని గడియలు పూర్తిగా పడకున్నను, తలుపు మూసినట్లే పైకి కనబడెను. క్రింది గదిలోని గాలి ఒక్కసారిగా వెలికిపోగా, పైగదిలోని గాలి ఒత్తిడికి నడిమి నేల కొంత కుంగెను. విమానమును నడుపు తీగలు ఆ నేలలో నుండియే పోవుచుండెను. వానిలో కొన్ని చెడిపోయెను. అయినను కెప్టెన్ బ్రైస్ మెక్కార్మిక్ రెక్కల క్రింది ఇంజనుల వేగమును నేర్పుతో మార్చుచు విమానమును డెట్రాయిట్‌లో దింపెను. అందున్న 67 మందియు బ్రతికిరి.

లోపమేమో తెలిసెను. దర్యాప్తు జరిపినవారు తలుపును సవరింపవలెనని కోరిరి. కాని అమెరికా అధికారులు ఆదేశమును వెలువరింపక, నిర్మాణసంస్థ ఇచ్చిన మాటతో తృప్తిపడిరి. ఆ సంస్థ విమానముల యజమానులకు సలహాపత్రములను పంపెను.

1974 మార్చి 3వ తేదీన టర్కీ దేశపు డి.సి.-10 విమానమొకటి పారిస్ నుండి లండనుకు బయలుదేరెను. మరల అదే తలుపు ఊడెను. మరల నేల కుంగెను. ఈసారి విమానము చోదకుల వశము తప్పి ఎర్మెనోన్విల్ అడవిలో కూలెను. 346 మంది మరణించిరి. తలుపునకు చేయవలసిన ఒక సవరణ జరిగినట్లు ఆ విమానపు పత్రములలో నుండెను. నిజమునకు అది జరుగలేదు.

అటుపిమ్మట తలుపు సవరణను తప్పనిసరి చేయుచు ఆదేశము వెలువడెను. సలహాను పాటించుట వినువాని ఇష్టము. ఆదేశమును పాటించుట విధి. కాని చేయని పనికి సంతకము పెట్టువాడున్నచో, ఆదేశము సైతము వట్టి కాగితమే యగును. ప్రయాణికుడు ఆ సంతకమును ఎన్నడును చూడడు. అయినను దానిని నమ్మియే విమానమెక్కును.