అక్క కవితలు, చెల్లెలి దావా

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, ఆమ్‌హెర్స్ట్ ఊళ్లో 1886 మే 15న ఎమిలీ డికిన్సన్ కన్నుమూసింది. అప్పటికి ఆమె కవితల్లో అచ్చయినవి పదో పరకో. అవీ పేరు లేకుండానే. తనకొచ్చిన ఉత్తరాలన్నీ కాల్చేయమని చెల్లెలు లవీనియాకు చెప్పి పోయింది. లవీనియా ఆ మాట నిలబెట్టింది. ఆ తర్వాతే అక్క దాచుకున్న కాగితాలు బయటపడ్డాయి. దారంతో కుట్టిన చిన్న పుస్తకాలు నలభై దాకా, ఇంకా విడి కాగితాలు. వందల కొద్దీ కవితలు! వీటిని ఏం చేయాలో ఎమిలీ చెప్పలేదు.

లవీనియా వాటిని కాల్చలేదు.

పిల్లుల్ని పెంచుకుంటూ, మాట పడకుండా, పెళ్లి లేకుండా పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషిగానే చాలామందికి ఆమె తెలుసు. కానీ అక్క కవితల్ని అచ్చు వేయించాలని పట్టుబట్టింది ఆమె ఒక్కతే. మొదట పక్కింట్లో ఉన్న వదిన సూసన్‌కు ఇచ్చింది. పని సాగలేదు. వెనక్కి తీసుకుని మేబెల్ లూమిస్ టాడ్‌కు అప్పగించింది. మేబెల్ భర్త ఆమ్‌హెర్స్ట్ కాలేజీలో ఖగోళశాస్త్ర ఆచార్యుడు. మేబెల్‌కూ, సూసన్ భర్త ఆస్టిన్‌కూ చాలాకాలంగా ప్రేమ నడుస్తోంది. ఆస్టిన్ ఎవరో కాదు, ఎమిలీ, లవీనియాల సొంత అన్న. తగవుకు విత్తనం అక్కడే పడింది.

ఎమిలీ చేతిరాత చదవడమే కష్టం. మేబెల్ ఏళ్ల తరబడి కూర్చుని ప్రతులు రాసింది. రచయిత హిగిన్‌సన్‌తో కలిసి 1890లో తొలి సంపుటి తెచ్చింది. పుస్తకం ముద్రణల మీద ముద్రణలకు వెళ్లింది. హక్కులు మాత్రం లవీనియా చేతిలోనే ఉన్నాయి.

1895లో ఆస్టిన్ పోయాడు. తండ్రి ఆస్తిలో తన వాటా మేబెల్‌కు చేరాలని అతని కోరిక. వీలునామాలో అలా రాస్తే పరువు పోతుందని వాటాను లవీనియా పేర పెట్టి, దాన్ని మేబెల్‌కిచ్చేయమని చెల్లెలికి చెప్పి ఉంచాడు. లవీనియా ఇవ్వలేదు. 1896 ఫిబ్రవరిలో మాత్రం టాడ్‌ల ఇంటిని ఆనుకుని ఉన్న చిన్న స్థలం దస్తావేజు మీద సంతకం చేసింది. ఆ ఏడాదే కోర్టుకెక్కి, అది దస్తావేజని తెలియకుండా తనచేత సంతకం చేయించారంది. ఆ స్థలం తన ఏళ్ల చాకిరీకి ప్రతిఫలమని మేబెల్ వాదన. డికిన్సన్‌ల ఇంట్లో పనిచేసిన మ్యాగీ మహర్ కూడా వాంగ్మూలం ఇచ్చింది. 1898లో లవీనియా గెలిచింది. పై కోర్టూ ఆ తీర్పునే ఖాయం చేసింది.

స్థలం సంగతి అలా ఉంచితే, మేబెల్ శ్రమకు తగిన విలువ కట్టకపోవడం అన్యాయమే. ఆ అన్యాయానికి మూల్యం చెల్లించింది పాఠకులు. మేబెల్ తన దగ్గరున్న కాగితాలను పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆ తాళం దాదాపు ముప్పై ఏళ్లు తీయలేదు. 1899లో లవీనియా పోయాక మిగతావి సూసన్ ఇంటికి చేరాయి. ఆమె కూతురు మార్తా 1914 నుంచి వాటిని విడిగా అచ్చు వేసింది. మేబెల్ పెట్టెలోని ఆరొందలకు పైగా కవితలు మాత్రం 1945లో గానీ వెలుగు చూడలేదు. వాటిని తెచ్చింది ఆమె కూతురు మిలిసెంట్. తల్లుల తగవును కూతుళ్లూ మోశారు.

1955లో థామస్ జాన్సన్ 1,775 కవితల్నీ ఒకచోట చేర్చాడు. రాతప్రతులు మాత్రం ఇప్పటికీ కలవలేదు. సూసన్ వైపువి హార్వర్డ్‌లో, మేబెల్ వైపువి ఆమ్‌హెర్స్ట్ కాలేజీలో ఉన్నాయి.