చెవితో పట్టు... ఊపిరితో మలుచు!

మౌత్ ఆర్గాన్ అనగానే మనకు 'షోలే'లో అమితాబ్ గుర్తొస్తాడు. జేబులో పట్టే ఆ బుల్లి వాయిద్యమే అమెరికాలో నల్లజాతి కళాకారుల చేతుల్లో పడి ఏడ్చింది, నవ్వింది, రైలులా కూతపెట్టింది. వాళ్ల బ్లూస్ సంగీతంలో మౌత్ ఆర్గాన్ మొనగాడు ఎవరంటే అందరూ చెప్పే పేరు లిటిల్ వాల్టర్. చిత్రమేమిటంటే... ఆయన ఆ విద్యను నేర్చుకున్నది కేవలం చెవులతోనే!

1952 మే 12. షికాగోలో మడ్డీ వాటర్స్ బృందం రికార్డింగ్. అందులోని వాల్టర్ ఆరోజు 'జ్యూక్' అనే బాణీ వాయించాడు. పాట లేదు, మాట లేదు. నిడివి మూడు నిమిషాల లోపే. అయినా ఆ ఏడాది బిల్‌బోర్డ్ రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో 8 వారాలు అదే నంబర్ వన్.

రికార్డులే గురువులు

లూయిజియానా పల్లెలో పెరిగిన వాల్టర్ చిన్నతనంలోనే ఇల్లొదిలి వీధుల్లో వాయిస్తూ పొట్టపోసుకున్నాడు. జాన్ లీ విలియమ్సన్ రికార్డులు విని మౌత్ ఆర్గాన్ పట్టు తెలుసుకున్నాడు. అక్కడితో ఆగితే మరో విలియమ్సన్ అయ్యేవాడంతే. కానీ లూయీ జోర్డాన్ శాక్సఫోన్ వినీ వినీ దాన్ని తన పది రంధ్రాల వాయిద్యంలో పలికించబోయాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. శాక్సఫోన్‌ను ఊదడమే ఉంటుంది. మౌత్ ఆర్గాన్‌లో ఒకే రంధ్రం ఊదితే ఒక స్వరం, పీలిస్తే మరొకటి. పైగా కొన్ని స్వరాలు నేరుగా దొరకవు. అందుకే వాల్టర్ కొన్నిచోట్ల వరస మార్చాడు, లేని స్వరాన్ని వంచి తెచ్చాడు. మైకును మౌత్ ఆర్గాన్‌తో కలిపి గుప్పిట్లో బిగించి ఆ చిన్న గొంతుకు గాంభీర్యం తెచ్చాడు. ఆ సర్దుబాటే చివరికి ఆయన బాణీ అయింది!

మీరూ ప్రయత్నిస్తారా?

'జ్యూక్' నేర్చుకోవాలంటే ముందు సరైన వాయిద్యం కావాలి. అది 'ఇ' శ్రుతిలో ఉంటుంది. కానీ తీసుకోవాల్సింది 'ఎ' మౌత్ ఆర్గాన్! దాని రెండో రంధ్రంలో గాలి పీలిస్తే 'ఇ' పలుకుతుంది. కింది రంధ్రాల్లో వంగేది పీల్చే స్వరాలే కాబట్టి బ్లూస్‌కు ఈ పద్ధతే అనువు. దీన్నే 'క్రాస్ హార్ప్' అంటారు.

తర్వాత లెక్క. నాలుగేసి దెబ్బల చొప్పున 12 బార్లు, అంటే 48 దెబ్బలకు ఒక ఆవృతం. కాలితో తాళం వేస్తూ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చెవికి పట్టేదాకా వినాలి. ఆ తర్వాత ఒక్కో ముక్కనూ గొంతుతో పాడాలి. నోటికి రానిది వాయిద్యానికీ రాదు. వేగం అందకపోతే..? వెనకటివాళ్లు 33 వేగం ఎల్పీని 16లో తిప్పేవారు. పాట సగం వేగానికి, ఒక స్థాయి కిందికి దిగేది. ఇప్పుడు శ్రుతి మారకుండా వేగం తగ్గించే యాప్‌లు ఫోన్లోనే ఉన్నాయి.

అసలు పరీక్ష స్వరాన్ని వంచడం. పీలుస్తూ నాలుకను, నోటి లోపలి ఖాళీని మారిస్తే స్వరం కిందికి జారుతుంది. వీణలో తీగను లాగి గమకం పలికించినట్టే. ఎంత జారాలో మాత్రం చెవే చెప్పాలి. రంధ్రాల అంకెలతో రాసుకున్న నొటేషన్లు బోలెడు దొరుకుతాయి. 'మూడో రంధ్రం పీల్చు' అని అవి చెబుతాయి. ఏ క్షణంలో ఎంత మెత్తగా అన్నది చెప్పలేవు. అందుకే అంకెలన్నీ సరిగ్గా వాయించినా ఒక్కోసారి పాట మాత్రం రాదు!

అచ్చుగుద్దితే చాలా?

చాలదు. 'జ్యూక్' ఎత్తుగడకు 1948లో వచ్చిన స్నూకీ ప్రయర్ రికార్డుతో పోలిక ఉంది. అంటే వాల్టర్ కూడా ఎక్కడో విన్నదాన్నే మలుచుకున్నాడన్నమాట. కాబట్టి మొదట ఉన్నదున్నట్టు నేర్చుకోండి. ఆ తర్వాత మీ ఊపిరి అందనిచోట ఒక స్వరం వదిలేయండి, ఆగాలనిపించినచోట ఆగండి. ఎవరి వరసకు స్వరం కలుపుతున్నారో మాత్రం మరిచిపోవద్దు.

వాల్టర్ 1968లో, 37 ఏళ్లకే కన్నుమూశాడు. ఆయన విద్య మాత్రం ఇప్పటికీ ఒక చెవి నుంచి మరో ఊపిరికి అందుతూనే ఉంది.