తిరిగే వలయం వెనుక

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ హాస్టల్ గదిలోనైనా, హైటెక్ సిటీ కార్యాలయంలోనైనా వీడియో ఆగిపోయి తెర నడుమ వలయం తిరగసాగితే, నింద ముందుగా ఇంటర్నెట్ కంపెనీ మీద, తరువాత సర్వర్ మీద పడుతుంది. లోపం ఏదైనా ఆ వలయం ఒకే తీరున తిరుగుతుంది కనుక, దాన్ని చూసి కారణం చెప్పడం సాధ్యం కాదు.

నందమూరి బాలకృష్ణ ‘అన్‌స్టాపబుల్’ కార్యక్రమంలో ప్రభాస్ పాల్గొన్న భాగం 2022 డిసెంబరు 29 రాత్రి విడుదలైనప్పుడు, ప్రేక్షకుల తాకిడికి దాన్ని ప్రసారం చేసే ‘ఆహా’ యాప్ నిలిచిపోయింది. ఇటువంటి సందర్భాలలో వీడియో నకళ్లను సీడీఎన్ అనే పంపిణీ వ్యవస్థకు పలుచోట్ల ఉన్న సర్వర్లు పంచిపెట్టగలవు గానీ, లాగిన్‌ను, చందాను ప్రతి ప్రేక్షకుడికీ విడిగా సరిచూడవలసిన డేటాబేస్‌కు ఆ సౌలభ్యం లేదు. సాధారణంగా ముందు ఊపిరాడనిది దానికే.

వీడియో అఖండ ధారగా రాదు. ఎన్‌కోడర్ దాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ పలు నాణ్యతలలో తయారుచేయగా, ఆ ముక్కల పేర్లు వరుసగా రాసిన ప్లేలిస్టు అనే చిన్న ఫైలును ప్లేయర్ చదువుకుంటూ పోతుంది. 2009లో ఆపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతి ఇదే. ముక్క నిడివి 6 సెకన్లు ఉండాలన్నది ఆ సంస్థ సిఫారసు. సెకనుకు 4 మెగాబిట్ల వీడియోలో అటువంటి ముక్క 24 మెగాబిట్లు, అంటే 3 మెగాబైట్లు. అది దిగడానికి 6 సెకన్లకు మించి పడుతూ ఉంటే, ప్లేయర్ తక్కువ నాణ్యత ముక్కలకు మారితే తప్ప, ముందుగా దాచుకున్న నిల్వ కరిగిపోయి వలయం తప్పదు.

అందువల్ల ప్రత్యక్ష ప్రసారం ఆగినప్పుడు ముందుగా ప్లేలిస్టునే బ్రౌజర్‌లో తెరిచి, కొన్ని సెకన్లకొకసారి రిఫ్రెష్ చేసి చూడడం మేలు. అందులో మీడియా సీక్వెన్స్ అనే సంఖ్య, సీడీఎన్‌కు ఫైళ్లు అందించే మూల సర్వర్ వద్దనే పెరగకపోతే కొత్త ముక్కలు అక్కడికి చేరడం లేదని, అక్కడ పెరుగుతూ ప్రేక్షకుడి వద్ద పెరగకపోతే సీడీఎన్ పాత జాబితానే దాచి ఇస్తోందని గ్రహించవచ్చు. ముక్కను అడిగినప్పుడు 403 అనే దోష సంకేతం వస్తే అనుమతి గడువు తీరి ఉండవచ్చు, 404 వస్తే జాబితాలో పేరున్నా ఫైలు అక్కడ లేదు. ధ్వని వినిపిస్తూ తెర మాత్రం నల్లగా ఉంటే పాత టీవీకి హెచ్‌ఈవీసీ వంటి కొత్త కోడెక్, అంటే వీడియోను కుదించే పద్ధతి, అర్థం కాకపోవడం తరచుగా కనిపించే కారణం. అప్పుడు సర్వర్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఫలితం ఉండదు.

డాలస్‌లోని బంధువుల కోసం ఫంక్షన్ హాలు నుంచి పెళ్లిని ప్రసారం చేసేవారికి ఎదురయ్యే చిక్కు చాలావరకు అప్‌లోడ్‌ది. ఉదయం డౌన్‌లోడ్ వేగం చూసుకొని నిశ్చింతగా ఉంటే, జీలకర్ర బెల్లం వేళకు హాలంతా ఫోన్లెత్తి ఫొటోలు పంపడం మొదలుపెడుతుంది. నాణ్యతను 1080 నుంచి 720కి తగ్గించడం, వీలైతే తీగ కనెక్షన్ వాడడం, లేదా వేర్వేరు కంపెనీల సిమ్‌లను కలిపి పనిచేయించే పరికరం తెచ్చుకోవడం దీనికి విరుగుడు. ఒకే కంపెనీ సిమ్‌లు రెండు పెడితే మాత్రం రెండూ ఆ కిక్కిరిసిన టవరు మీదే ఆధారపడవచ్చు.